నాలుగో తొడుగు

కాశీబుగ్గ బడిలో పాత సైన్సు గది
తాళం తీస్తే ఇప్పుడు ముక్కుకి తగిలేది
గబ్బిలాల కంపు కాదు,
కాల్చిన పొత్తు వాసన.

మొక్కజొన్నతో చేసిన దారమట.
రెండొందల డిగ్రీల ముక్కులోంచి కరిగి
పోగు మీద పోగై పేరుకుంటుంది.
మొదటివారం అది మాకు చేసిపెట్టింది
సేమ్యా మాత్రమే.
లోలాక్షి పారెయ్యనివ్వలేదు.
హార్లిక్స్ సీసాలో కుక్కి చీటీ అంటించింది:
"మా తప్పులు, సెప్టెంబరు."

ఏం చేద్దామని మాస్టారు అడిగితే
దాలినాయుడు రాకెట్టన్నాడు,
నేను తాళంచెవుల గొలుసన్నాను.
లోలాక్షి ఏమీ అనకుండా
వాళ్ల పిన్ని చేతుల ఫొటో బల్ల మీద పెట్టింది.

దమయంతి పిన్ని.
తిత్లీ గాలికి ఉద్దానంలో తోట పడిపోయాక
పలాసొచ్చి పరాయి పిక్కలు కొడుతోంది.
చెయ్యి పిక్కను పెడుతుంది, కాలు మీట తొక్కుతుంది,
చీలిన చిప్పలోంచి జీడి కారుతుంది.
ఆముదం రాసుకున్నా, బూడిద పులుముకున్నా
జీడి జీడే.
వేళ్ల మీది గీతలన్నీ తినేసింది.
రేషన్ మిషను ఆమె బొటనవేలికి
నెలనెలా ఒకే మాట చెబుతుంది:
మళ్లీ ప్రయత్నించండి.

కొలిచాం. వెర్నియర్ మీద
పదిహేడు పాయింట్ నాలుగు.
తెర మీద గొట్టం గీసి మూత పెట్టాం.
మొదటి తొడుగు సగంలో ఉండగా కరెంటు పోయింది.
రెండోది పొద్దున్న చక్కగా పట్టింది,
సాయంత్రం ఊడిరానంది.
సబ్బునీళ్లు పోసి ముగ్గురం లాగాం.
అప్పుడు తెలిసింది,
పొద్దున్న కొలిచిన వేలు
పది గంటల పని తర్వాత అదే వేలు కాదని.
ఈ సంగతి పుస్తకంలో లేదు.
వెర్నియర్‌కీ తెలీదు.

మూడోదానికి పక్కన ఒక చీలిక వదిలాం,
వాచిన వేలికి ఊపిరాడేందుకు.
పిన్ని తొడుక్కుని నాలుగు పిక్కలు కొట్టింది.
మూడు బద్దలయ్యాయి.
"బాగుంది గానీ ఓలమ్మా,
పప్పు నాకు తెలవట్లేదర్రా.
గుండుకో రేటు, బద్దకో రేటు.
ఏలికి కళ్లు మూసేసినారు మీరు."

దాలినాయుడి చెవులు ఎర్రబడ్డాయి.
నేను నేల మీది పొట్టు లెక్కపెడుతున్నాను.
ఆమె పొట్టుకత్తి తీసుకుని
తొడుగు కొసని తెగ్గోసింది, ఏటవాలుగా,
వేలికొస తొంగిచూసేంత.
మా పదకొండు రోజుల బొమ్మని
అరనిమిషంలో దిద్దేసింది.
"కొస కాలదేటి, పిన్నీ?"
"కాల్తాది. ఆపాటి కాలనీ, పప్పు నిలుస్తాది."

ఆ ఒక్క కోతని తెర మీద గీయడానికి
మాకు రెండ్రోజులు పట్టింది.
ప్రాజెక్టు కాగితంలో బృంద సభ్యుల దగ్గర
మూడు గీతలే అచ్చేసి ఉన్నాయి.
నాలుగో పేరు మార్జిన్‌లో రాశాం,
కొంచెం కిక్కిరిసింది.

నాలుగో తొడుగుని కిటికీ వెలుగులో తిప్పి చూస్తే
పొర మీద పొర, వెంట్రుకంత గీతలు,
చుట్టూ వలయాలు.
"రేషన్ మిషను మీద పెడితేనో?" అన్నాడు దాలినాయుడు.
పిన్ని పగలబడి నవ్వింది.
"ఎవుళి ముద్రంటాదిరా అది?
మొక్కజొన్నదా?"
లోలాక్షి మాత్రం నవ్వలేదు.
తొడుగుని గోటితో గీస్తూ కూర్చుంది,
ఆ గరుకు చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని.

సోమవారం ఒక రూళ్ల కాగితం వచ్చింది,
అక్కడక్కడా జీడి మరకలతో.
పిన్ని వరసలో కూర్చునే ఆరుగురి వేళ్లు,
చుట్టూ బాల్‌పెన్నుతో గీసినవి.
ఒక్కో వేలికి రెండేసి గీతలు:
లోపలిది పొద్దున్న,
బయటిది సాయంత్రం.
మేం చెప్పలేదు, వాళ్లే కొలుచుకున్నారు.

మిషను వేడెక్కింది. పొత్తు వాసన.
మొదటి పొర పలకకి అంటుకోలేదు.
గీకి సీసాలో వేసి
మళ్లీ పెట్టాం.